పోలండ్‌ల మొదటి ఫుట్‌బాల్ మ్యాచ్‌కు పోతున్నరా? టీం కంటే ముందు స్టాండ్ చూసుకోండ్రి

సెప్టెంబర్ ఆఖరుకు హన్మకొండ, కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ దిక్కు నుంచి పోలండ్‌కు చదువుకోను పోయేటోళ్ళ సూట్‌కేసులు తయారైతుంటయి. అక్టోబర్ 1కి అక్కడ యూనివర్సిటీలు షురూ అయితయి. జులైల మొదలైన ఫుట్‌బాల్ లీగ్ అప్పటికి మంచి ఊపు మీద ఉంటది. హాస్టల్‌ల ఎవరో ఒకరు "శనివారం మ్యాచ్ ఉన్నది, వస్తవా?" అని అడగక మానరు. పోవాలె. భాష రాకున్నా, ఒక ఊరు దేనికి నవ్వుతదో దేనికి కోపానికొస్తదో రెండు గంటలల్ల తెలిసే జాగ అది.

కాకుంటే ఉప్పల్ స్టేడియం లెక్కలు అక్కడ నడవయి. మన దగ్గర ఐపీఎల్ మ్యాచ్‌ల నారింజ అంగీ పక్కన పసుప్పచ్చ అంగీ కూసుంటది, ఇద్దరూ ఒకే పాప్‌కార్న్ డబ్బాల చెయ్యి పెడతరు. పోలండ్‌ల అట్ల కాదు. ఏ స్టాండ్‌ల నిలబడ్డవు, మెడల ఏ రంగు మఫ్లర్ ఉన్నది, ఈ రెండింటిని బట్టే ఆ పూట మీకు పండుగనా, లొల్లినా తేలుతది. అందుకే ఏ టీం చూడాలె అని అడిగేటోళ్ళకు ముందు స్టాండ్ సంగతి చెప్పాలె.

ఏ స్టేడియంల చూసినా ఒక గోల్‌పోస్ట్ ఎనుక స్టాండ్ వీరాభిమానులది. దాన్ని మ్విన్ అంటరు. మ్విన్ అంటే పిండి గిర్ని. పేరుకు తగ్గట్టే ఉంటది, తొంభై నిమిషాలు ఆగకుండ తిరుగుతనే ఉంటది. రాజధాని వర్షావాల (మనం వార్సా అంటం) లెగియా క్లబ్‌కు ఉత్తరం దిక్కు స్టాండ్ ఇట్లాంటిదే. దాని పేరు జిలెటా, అంటే బ్లేడు. పాత స్టేడియంల ఆ జనం కూసునే స్టాండ్ మీద షేవింగ్ బ్లేడ్ల ప్రకటన ఉండేది, స్టేడియం మారినా పేరు అట్లనే ఉండిపోయింది. ఈ స్టాండ్ ముందట కొంచెం ఎత్తు మీద ఒకతను మైకు పట్టుకొని, ఆటకు వీపు పెట్టి, జనం దిక్కు మొఖం పెట్టి నిలబడతడు. ఆ ఎత్తును గ్నియాజ్దో అంటరు, అంటే గూడు. ఏ పాట ఎప్పుడు, చప్పట్లు ఎప్పుడు, నిశ్శబ్దం ఎప్పుడు అన్నది అతని చేతిలనే ఉంటది. అతను ఆటను చూసేది తక్కువ. మన దగ్గర కోలాటం ఆడించేటాయన కోలలు చూడడు, అడుగులు చూస్తడు గద, అట్ల.

మొదటిసారి మ్విన్‌ల టికెట్ కొనకండ్రి. అక్కడ ఆటంతా నిలబడే చూస్తరు, టికెట్ మీద సీటు నెంబరున్నా దానికి లెక్క లేదు. జెండాలు అడ్డం వస్తయి, సగం ఆట కనవడది. నోరు మెదపకుండ నిలబడితే పక్కోడు భుజం తట్టి పాడమంటడు. ఫోన్ తీసి వాళ్ళ మొఖాలు వీడియో తీస్తే ఇంక కష్టం, ఆ స్టాండ్‌ల అది పెద్ద తప్పు. వాళ్ళ పాటల్ల, వాళ్ళ జెండాలల్ల ఎంత పని ఉంటదో చూడాలంటే దూరం నుంచే మంచిగ కనవడతది. స్టాండ్ మొత్తం కప్పే గుడ్డను నెత్తుల మీదికెల్లి పరిచే దృశ్యాన్ని ఓప్రావా అంటరు. లోపల నిలబడ్డోడికి గుడ్డ కింది చీకటే కనవడతది, బొమ్మ మాత్రం ఎదురుగ్గ ఉన్నోడికే.

ఇంకో ఉచ్చు ఉన్నది. టికెట్ సైటుల "సెక్టర్ గోష్చి" అని కనవడతది. గోష్చి అంటే అతిథులు. కొత్తగ వచ్చినోళ్ళం, మనమే అతిథులం గద అనుకోవద్దు. అది అవతలి ఊరి టీం అభిమానుల కంచె. సుట్టూ జాలి, ముందట స్టీవర్డులు, మ్యాచ్ అయినంక అరగంటో ఎక్కువనో వాళ్ళను బయటికి వదలరు. "రొజిన్నె" అని రాసి ఉంటే కుటుంబాల సెక్టర్, చాలా కాడ పిల్లలతోని వచ్చినోళ్ళకే ఇస్తరు. మీరు తీసుకోవాల్సింది మైదానం పొడుగునా ఉండే పక్క స్టాండ్. అందుల పై సగం వరుసలు చూసుకోండ్రి, మ్విన్ దిక్కు కొంచెం జరిగి ఉంటే ఇంకా మంచిది. పాటా వినవడతది, ఓప్రావా కనవడతది, ఆటా మొత్తం కనవడతది. కింది మూడు నాలుగు వరుసలు ఖరీదుగ కనవడి మోసం చేస్తయి. కంటి ఎత్తు మైదానానికి దగ్గరైతది, అవతలి అంచుల ఏం జరుగుతున్నదో తెల్వదు, వాన కొడితే తడిచేది కూడ వాళ్ళే. గోష్చి సెక్టర్ పక్కనున్న సెక్టర్ చవుకగ వచ్చినా వదిలేయండ్రి. కంచెకు అటూ ఇటూ తిట్లు నడిచేది అక్కడనే.

ఇగ టీం సంగతి. పై లీగ్ పేరు ఎక్స్‌ట్రాక్లాసా. 18 టీంలు, ఒక్కోదానికి 34 మ్యాచ్‌లు, ఆఖరి మూడు కిందికి దిగుతయి. పేర్లల్ల జర జాగ్రత్త: "1 లీగా" అంటే మొదటిది కాదు, రెండో మెట్టు. "2 లీగా" మూడో మెట్టు. పెద్ద మ్యాచ్ అనుకొని "1 లీగా" టికెట్ కొనుక్కున్నోళ్ళు ఉంటరు. ఆ మ్యాచ్‌లు కూడ మంచిగనే ఉంటయి, కాకుంటే తెలిసి కొనాలె.

మన దిక్కు మనుషులకు నా సలహా వేరే ఉన్నది. అందరూ లెగియా, లెగియా అంటరు. కాజీపేటల పుట్టి పెరిగినోళ్ళు పోజ్నాన్‌ల లెఖ్ క్లబ్‌ను చూడాలె. ఆ క్లబ్ రైల్వే నీడల పెరిగింది, ఇప్పటికీ దాని ముద్దుపేరు కొలెయోష్, అంటే రైల్వే మనిషి. జంక్షన్ కూతలు వింటూ పెరిగినోళ్ళకు ఆ పేరు వేరే చెప్పాల్నా? బుల్గార్స్కా వీధిల వాళ్ళ స్టేడియంల 40 వేలకు పైగ జనం పడతరు. అక్కడ ఒక అలవాటు చూడాల్సిందే: స్టాండ్ మొత్తం ఆటకు వీపు తిప్పి, పక్కోళ్ళ భుజాల మీద చేతులేసి, ఒక్క తీరుగ ఎగురుతరు. 2010ల లెఖ్ టీం మాంచెస్టర్‌కు ఆడనీకె పోయినప్పుడు, వెంట పోయిన అభిమానులను చూసి మాంచెస్టర్ సిటీ అభిమానులు దాన్ని నేర్చుకున్నరు. ఇంగ్లండ్‌ల దాన్ని ఇప్పటికీ "పోజ్నాన్" అనే అంటరు.

గోదావరిఖని, మంచిర్యాల, భూపాలపల్లి బొగ్గుబాయిల ఇండ్లల్ల పెరిగినోళ్ళకు సిలేసియా ప్రాంతం. అక్కడ జాబ్‌జె ఊర్ల ఉన్న క్లబ్ పేరే గూర్నిక్, అంటే బాయిల పనిచేసేటోడు. 1948ల పుట్టిన క్లబ్, 14 సార్లు దేశ ఛాంపియన్. 1970ల యూరప్ కప్ విన్నర్స్ కప్ ఫైనల్ దాకా పోయి మాంచెస్టర్ సిటీ చేతిల 2-1తోని ఓడింది. ఆ ఫైనల్‌కు చేరింది కూడ సెమీఫైనల్ తేలక, నాణెం ఎగరేస్తే కలిసొచ్చి. జర్మనీ తరఫున 2014 ప్రపంచకప్ గెలిచిన లూకాస్ పొడోల్స్కి పుట్టింది పక్కనున్న గ్లివిత్సెల, ఆయన 2021ల ఈ క్లబ్‌కు ఆడనీకె తిరిగొచ్చిండు. పొద్దుగాల అదే ఊర్ల గైడో అనే పాత బొగ్గుబాయిల 170, 320 మీటర్ల లోతుకు సందర్శకులను దించుతరు. అది చూసి మాపటీలి మ్యాచ్‌కు పోతే ఆ జనం ఎందుకట్ల అరుస్తరో సగం అర్థమైతది.

డెర్బీ మ్యాచ్‌ను, అంటే ఒకే ఊరివో పక్కపక్క ఊర్లవో పడని టీంల మ్యాచ్‌ను, మాత్రం మొదటి మ్యాచ్‌గ పెట్టుకోకండ్రి. క్రాకుఫ్‌ల విస్వా, క్రాకోవియా రెండూ 1906ల పుట్టినయి, స్టేడియంల నడుమ పెద్ద పచ్చిక మైదానం ఒక్కటే అడ్డం. వాళ్ళ మ్యాచ్‌ను "పవిత్ర యుద్ధం" అని పిలుస్తరు. వూజ్‌ల విడ్జెఫ్‌కు ఊకెఎస్‌కు పడదు, సముద్రం ఒడ్డున గ్దాన్స్క్ లెహియాకు గ్దిన్యా ఆర్కాకు పడదు, సిలేసియాల గూర్నిక్‌కు రుఖ్‌కు పడదు. క్లబ్‌ల మధ్య సోపతిని జ్గోదా అంటరు, పగను కోసా అంటరు. కోసా అంటే కొడవలి. లెఖ్, ఆర్కా, క్రాకోవియా మూడింటికి సోపతి. లెగియాకు జగ్వెంబియె సొస్నోవియెత్స్‌తోని పాత సోపతి. ఇవన్నీ గుర్తువెట్టుకునే పని లేదు. క్లబ్ సైటుల మ్యాచ్ గురించి "పొద్విష్‌షోనెగో రిజికా" అన్న మాట కనవడితే, అంటే ప్రమాదం ఎక్కువున్న మ్యాచ్ అని రాస్తే, ఇంకో వారం చూసుకోండ్రి. ఆ మ్యాచ్‌లల్ల బీరు అమ్మరు, తనిఖీ రెండింతలైతది, వర్దీ వేసిన పోలీసులు రైల్వే స్టేషన్ నుంచే నిలబడతరు.

టికెట్ కొనుడు

సినిమా టికెట్ తీరు కాదు. 2009ల వచ్చిన సామూహిక కార్యక్రమాల భద్రతా చట్టం ప్రకారం లీగ్ మ్యాచ్ టికెట్ మనిషి పేరు మీద ఉంటది. పేరు, ఇంటిపేరు, పెసెల్ నెంబర్ (పోలండ్‌ల ఒక్కో మనిషికి ఇచ్చే గుర్తింపు నెంబర్) ఇయ్యాలె. పెసెల్ లేకపోతే గుర్తింపు కాగితం రకం, దాని నెంబర్. కొత్తగ పోయినోళ్ళకు మొదటి వారాలల్ల పెసెల్ ఉండదు, పాస్‌పోర్ట్ నెంబర్ అనే ఎంపిక పట్టుకోండ్రి. కొన్ని క్లబ్‌లు ముందు అభిమాని ఖాతా తెరవమంటయి, కొన్ని కార్డు కూడ అడుగుతయి. అది మ్యాచ్ దినం కౌంటర్ కాడ చేస్తే లైన్ల నిలబడే సగం ఆట అయిపోతది. రెండు మూడు దినాల ముందే ఆన్‌లైన్‌ల చేసుకోవాలె.

మన పేర్ల కాడనే ఎక్కువ తప్పులు జరుగుతయి. ఫారంల ఇమ్యె అంటే పేరు, నజ్విస్కో అంటే ఇంటిపేరు. మన పాస్‌పోర్టులు కొన్నింటిల సర్‌నేమ్ గడి ఖాళీగ ఉండి, ఇంటిపేరూ అసలు పేరూ రెండూ గివెన్ నేమ్ గడిలనే ఉంటయి. కొందరికి ఇంటిపేరు మొదట్ల, కొందరికి తండ్రి పేరు ఆఖర్ల. ఫేస్‌బుక్ పేరు, పిలుపు పేరు రాయొద్దు, పాస్‌పోర్ట్‌ల ఏ అక్షరాలున్నయో అవే రాయండ్రి. రెండో గడి ఖాళీగ ఉంటే సైటు ముందుకు పోనియ్యదు. అప్పుడు యూనివర్సిటీ మీ పేరును ఎట్ల విడదీసి నమోదు చేసిందో అట్లనే విడదీసి రాయండ్రి, అన్నింటిల ఒకే తీరు ఉండుడు ముఖ్యం. పెసెల్ వచ్చినంక ఇంకో అనుమానం వస్తది. 2003 జులై 15న పుట్టినోళ్ళ పెసెల్ 032715 అని మొదలైతది. నెల 07 కాకుండ 27 ఉన్నదని భయపడొద్దు. 2000 నుంచి పుట్టినోళ్ళకు నెలకు 20 కలుపుతరు, అది పద్ధతే.

పెసెల్ ఇచ్చి టికెట్ కొన్నోళ్ళు గేటు కాడ పాస్‌పోర్ట్ చూపిస్తే అందుల పెసెల్ ఉండదు. నివాస కార్డు వచ్చి ఉంటే అది పట్టుకపోండ్రి. రాకుంటే పాస్‌పోర్ట్ అసలుతోపాటు పెసెల్ ఇచ్చిన కాగితం కూడ జేబుల పెట్టుకోండ్రి. జిరాక్స్, ఫోన్‌ల ఫోటో చెల్లకపోవచ్చు. దోస్తు పేరు మీద కొన్న టికెట్‌తోని పోకండ్రి. కొన్ని క్లబ్‌లల్ల సైటులనే పేరు మార్చే సౌకర్యం ఉంటది, దాన్ని వాడాలె.

"ఉల్గోవె" అంటే రాయితీ టికెట్. విద్యార్థులకు ఇచ్చే క్లబ్‌లున్నయి, ఇయ్యనియి ఉన్నయి, వయసు హద్దు పెట్టేటియి ఉన్నయి. రాయితీ టికెట్ కొంటే విద్యార్థి కార్డు లెగితిమాత్స్యా తప్పకుండ వెంట ఉండాలె, లేకుంటే గేటు కాడ ఆపుతరు.

టికెట్ మీద నాలుగు మాటలు చదవడం వస్తే చాలు. బ్రామా అంటే గేటు, సెక్టర్ అంటే సెక్టరే, జోంత్ అంటే వరుస, మ్యేయ్స్త్సె అంటే సీటు. బ్రామా నెంబర్ చూడకుండ స్టేడియం దగ్గరికి పోతే మొత్తం చుట్టు తిరగాలె. ఒక్కోసారి కంచె అడ్డమొచ్చి తిరిగే తొవ్వ కూడ ఉండది, వచ్చిన వీధిలకే మర్లి పోవాల్సి వస్తది.

మ్యాచ్‌లు శుక్రవారం నుంచి సోమవారం దాకా పంచి పెడతరు. కచ్చితమైన రోజు, టైము కొన్ని వారాల ముందు మాత్రమే ఖరారైతది. సీజన్ మొదట్ల చూసిన తేదీని నమ్మి రైలు టికెట్ కొనకండ్రి, ఆ వారంల శుక్రవారం రాత్రైనా సోమవారమైనా కావచ్చు. డిసెంబర్ నడుమ ఆట ఆగిపోయి జనవరి ఆఖరుకో ఫిబ్రవరి మొదట్లనో మళ్ళ మొదలైతది.

చలి, బట్టలు, రంగులు

నవంబర్ నుంచి మార్చి దాకా రాత్రి మ్యాచ్ అంటే సున్నా దగ్గర, సున్నా కింద. హన్మకొండల జనవరి పొద్దుగాల వేసుకునే స్వెట్టర్ అక్కడ బనీను లెక్క. నడిచేటప్పుడు చలి తెల్వది, కదలకుండ రెండు గంటలు ఒకే కాడ ఉన్నప్పుడు తెలుస్తది. చలి ముందు పట్టేది కాళ్ళకు, కాంక్రీటు కాళ్ళ వేడిని గుంజుకుంటది కాబట్టి. ఉన్ని సాక్సులు వేయండ్రి. రెండు జతలు వేసి బూటు బిగుతు చేస్తే రక్తం ఆడక ఇంకా సల్లబడతయి, ఒక సైజు పెద్ద బూటైతేనే రెండు జతలు. కాంక్రీటుకు బూట్లకు నడుమ అట్టముక్క వేసుకుంటే చానా తేడా ఉంటది. ఒంటికి ఆనేది నూలు బట్ట కావద్దు. ట్రామ్ దిగి గబగబ నడిస్తే పట్టిన చెమట నూలుల నిలిచి తర్వాత వణికిస్తది.

రంగులకు ఒక్కటే నియమం: నలుపు, బూడిద, గోధుమ. ఇంకే క్లబ్ జెర్సీ వద్దు, మఫ్లర్ వద్దు. వేరే దేశం క్లబ్ అయినా సరే, రంగు చూసి అడుగుతరు. ఆ క్లబ్ మఫ్లర్, అంటే షాలిక్, స్టేడియం దుకాణంల కొనుక్కొని లోపల మెడల వేసుకోండ్రి. క్లబ్ గీతం వచ్చినప్పుడు అందరూ రెండు చేతులతోని దాన్ని నెత్తి మీదికి లేపి పట్టుకుంటరు, మీరూ పట్టుకోవచ్చు, సంతోషపడతరు. బయటికి వచ్చేముందు మడిచి సంచిల పెట్టుకోండ్రి. క్రాకుఫ్, వూజ్ లాంటి రెండు క్లబ్‌ల ఊర్లల్ల ఇది తప్పనిసరి. వీధిల ఎవరన్న "కోము కిబిత్సుయెష్?" అని అడిగితే, నువ్వు ఎవరి దిక్కు అని. దానికి "యెస్తెమ్ జ్ ఇందీ", ఇండియా నుంచి వచ్చిన అని చెప్పి నడక ఆపకండ్రి.

సంచి చిన్నది, ఏ4 కాగితం కంటే పెద్దది కాకుండ ఉంటే తనిఖీ తొందరగ అయిపోతది. గాజు సీసా, పొడుగు గొడుగు, స్ప్రే, సెల్ఫీ కర్ర లోపలికి రావు. పవర్ బ్యాంక్ కొన్ని కాడ ఆపుతరు. నీళ్ళ బాటిల్ తీసేస్తరు, లేకుంటే మూత తీసుకుంటరు. రోజూ మందులు వాడేటోళ్ళు చీటీతో సహా పట్టుకపోవాలె. గంటన్నర ముందు చేరుకోండ్రి. ఆఖరి ఇరవై నిమిషాలల్లనే జనం అంతా గేట్ల మీద పడతరు. టికెట్ పీడీఎఫ్ ఫోన్‌ల దింపుకొని వెలుగు పూర్తిగ పెంచండ్రి, గేటు కాడ నెట్ ఆడది. ఒకసారి స్కాన్ అయి లోపలికి పోతే మళ్ళ బయటికి పోయి రానియ్యరు. నలుగురు కలిసి పోతే మేడారం జాతరల చేసినట్టు ముందే ఒక గుర్తు చెప్పుకోండ్రి. ఫలాన గేటు, ఫలాన దీపస్తంభం అని. మ్యాచ్ అయినంక ఫోన్లు కలవయి.

లోపల

తిండి సంగతి ముందు చెప్తే మంచిది. స్టేడియం వంట అంటే క్యెవ్బాసా, నిప్పుల మీద కాల్చిన సాసేజ్, పక్కన రొట్టె, ముష్తార్దా అనే ఆవపిండి ముద్ద. అది దాదాపు ఎప్పుడూ పంది మాంసమే. వ్యెప్షోవినా అంటే పంది, వొవొవినా అంటే ఎద్దు, కుర్చాక్ అంటే కోడి. మాంసం తిననోళ్ళకు ఫ్రిత్కి అనే ఆలుగడ్డ వేపుడు, వేడి హెర్బాతా అంటే చాయ్, ఇవే దిక్కు. పాలు పోయరు, నిమ్మకాయ ముక్క ఇస్తరు. అన్నం తినే పోండ్రి. మనం పల్లికాయ వలిచినట్టు వాళ్ళు పొద్దుతిరుగుడు గింజలు వలుచుకుంటరు, స్వొనెచ్నిక్ అంటరు. దొరికితే ఒక పొట్లం తీసుకోండ్రి, చేతులకు పని ఉంటది, చలి తెల్వది. బీరు అమ్మినా చట్టం ప్రకారం 3.5 శాతం లోపలిదే, ప్లాస్టిక్ గ్లాసుల. తాగి వచ్చినోళ్ళను గేటు కాడనే వాపసు పంపుతరు. వీధిల తాగుకుంట పోతే 100 జ్వోటీల జరిమానా వేరే.

మనోళ్ళు అందరూ చేసే తప్పు ఒకటి ఉన్నది: ఈల. మన సినిమా హాల్లల్ల హీరో వస్తే ఈల, పాట వస్తే ఈల, అది ఆనందం. అక్కడ ఈల అంటే ఛీ అనడం. రిఫరీ తప్పు చేస్తే, అవతలి టీం బంతి పట్టుకుంటే, సొంత టీం మరీ చెత్తగ ఆడితే ఈల వేస్తరు. మీ పక్క టీం గోల్ కొట్టగానే సంబురంతోని ఈల వేస్తే సుట్టుపక్కలోళ్ళంతా తిరిగి చూస్తరు. చప్పట్లు కొట్టండ్రి, అరవండ్రి, ఈల వద్దు.

గోల్ పడ్డంక చాలా స్టేడియంలల్ల ఒక ముచ్చట నడుస్తది. మైకుల ఆటగాని పేరు మొదటి సగం చెప్తరు, జనం ఇంటిపేరు గట్టిగ అరుస్తరు, మళ్ళ మళ్ళ. తర్వాత స్కోరు చెప్పేటప్పుడు అవతలి టీంకు ఎన్ని గోల్స్ ఉన్నా జనం "జేరో" అని అరుస్తరు. ఆఖరుకు మైకు "జెంకూయె" అంటది, థ్యాంక్స్ అని. స్టేడియం మొత్తం "ప్రొషె" అని బదులిస్తది. భాష రానోడు కూడ మొదటి మ్యాచ్‌లనే కలువగలిగేది ఇక్కడ. నేర్చుకోవడానికి ఇంతకంటే సులువైన పోలిష్ పాఠం ఉండది. ఇంకోటి, "ఎవడు ఎగరడో వాడు ఫలాన ఊరోడే" అని అందరూ ఎగిరే పాట. పక్క స్టాండ్‌ల ఎగరకున్నా ఏమనరు, కాని అందరూ లేస్తే లేవండ్రి. రిఫరీని సెంజా అంటరు, ఆఫ్‌సైడ్‌ను స్పాలోనె. ఈ రెండు మాటలు తిట్లతోని కలిసి వినవడతయి, తిట్లు నేర్చుకోవద్దు.

పక్కన పెద్దమనిషి ఎవరన్న మాట కలిపితే క్రికెట్ కాడనే ఆపకండ్రి. మన హైదరాబాద్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం 1951ల, 1962ల ఇండియాకు ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చిండని చెప్పండ్రి. ఆయన కజిమియెష్ గూర్స్కి గురించి చెప్తడు. 1972 ఒలింపిక్స్ బంగారం, 1974 ప్రపంచకప్ మూడో స్థానం ఆ కోచ్ చేతి మీదనే వచ్చినయి. ఆ కాలం పేర్లు డెయ్నా, లాతో అని పలికితే ఆ మనిషి కండ్లు మెరుస్తయి.

నేరుగ చెప్పాల్సినది ఇంకోటి ఉన్నది. మన రంగు చూసి మాట అనేటోళ్ళు ఎదురు కావచ్చు. నైజీరియాల పుట్టిన ఇమాన్యుయెల్ ఒలిసాదెబె 2000ల పోలండ్ పౌరుడై ఆ దేశానికే గోల్స్ కొట్టి 2002 ప్రపంచకప్‌కు చేర్చిండు. అంతటోడు కూడ అక్కడి స్టాండ్లల్ల కోతి కూతలు విన్నడు. "నిగ్దీ వియెంత్సెయ్" అనే సంస్థ, అంటే "ఇంకెప్పుడూ వద్దు", స్టేడియంలల్ల జాతి వివక్ష మీద ఏండ్ల నుంచి పోరాడుతున్నది. మామూలు పక్క స్టాండ్‌ల, మామూలు మ్యాచ్‌ల చాలామంది మర్యాదగనే ఉంటరు. అయినా ఎవడన్న వెంటపడితే జవాబు ఇయ్యకుండ లేచి పసుపు జాకెట్ వేసిన స్టీవర్డ్ కాడికి పోండ్రి, సెక్టర్ నెంబర్ చెప్పండ్రి. ప్రతి సెక్టర్ మీద కెమెరాలున్నయి, నెంబర్, టైము చెప్తే దొరుకుతడు. బయట అయితే అత్యవసర నెంబర్ 112కు ఫోన్ చేయండ్రి. మొదటిసారి ఒక్కరే పోవద్దనేది దీని కోసమే.

సరదాకు కూడ చేయగూడనియి రెండు. మ్యాచ్ నడిచేటప్పుడు మైదానంలకు దుంకితే మూడేండ్ల దాకా జైలు రాసి ఉన్నది. పొగ బాంబు, టపాకాయ లాంటిది లోపలికి తెస్తే అయిదేండ్ల దాకా. మ్విన్‌ల ఎర్ర మంటలు మండుతుంటే చూసి, అందరూ చేస్తున్నరు గద అనుకోవద్దు. వీసా మీద ఉన్నోళ్ళకు కోర్టు కేసు అంటే చదువుకే ఎసరు.

ఇంత జాగ్రత్త భారం అనిపిస్తే జాతీయ జట్టు మ్యాచ్‌తోని మొదలువెట్టండ్రి. అక్కడ క్లబ్ పగలు పక్కన పెడతరు, పిల్లల మొఖాల మీద తెలుపు ఎరుపు రంగులు, ఇంటిల్లిపాది వస్తరు. వర్షావాల నేషనల్ స్టేడియంల 58 వేల దాకా పడతరు, రెండో మెట్రో లైన్‌ల స్తాదియోన్ నరోదోవె అనే స్టేషనే ఉన్నది. మ్యాచ్ అయినంక ఆ మెట్రో కాడ నిలబడేకంటే పొనియతోవ్స్కి వంతెన మీదికెల్లి నది దాటి నడిస్తే ముందు చేరుతరు. దానికి మూసే కప్పు ఉన్నది, అయినా 2012 అక్టోబర్‌ల ఇంగ్లండ్ మ్యాచ్ దినం కప్పు తెరిచే ఉంచిండ్రు. వాన కొట్టి మైదానం చెరువై, ఆట తెల్లారికి వాయిదా పడి 1-1తోని ముగిసింది. కప్పు ఉన్నదని వాన కోటు ఇంట్ల పెట్టి పోవద్దు. జాతీయ గీతం వచ్చినప్పుడు టోపీ తీసి నిలబడాలె. చేతిల జెండా పట్టుకుంటే తెలుపు పైన, ఎరుపు కింద. తలకిందులైతే అది ఇండోనేషియా జెండా అయితది.

చివరి విజిల్ పడ్డంక పది నిమిషాలు సీట్లనే ఉండండ్రి, మెట్ల మీద తొక్కులాట తగ్గుతది. బయటికి పోయినంక పోలీసుల వరుసలను ఫోన్‌ల తీయకండ్రి, గుంపు ఉరుకుతుంటే దానికి అడ్డంగ పక్క వీధిలకు తిరగండ్రి. ట్రామ్ ఎక్కితే కాగితం టికెట్ పసుపు డబ్బాల పెట్టి ముద్ర వేయించుడు మరువొద్దు. ముద్ర లేని టికెట్ ఉన్నా లేనట్టే. రాత్రి పదిన్నరకు రూం చేరేసరికి చలికాలం అయితే హన్మకొండల తెల్లారుజాము మూడు అయితది. ఇంటికి ఒక మెసేజ్ పెట్టి పండుకోండ్రి, ఫోన్ పొద్దుగాల చేయొచ్చు.